ఒంటిగంటకి పడుకున్నాడండి

ఆ రోజుల్లో మా ఇంట్లో నిద్ర గురించి మాట్లాడేవాళ్ళే గానీ నిద్రపోయేవాళ్ళు ఉండేవారు కాదు. మేడ కింద ఇంటివాళ్ళు గానీ, పాలబ్బాయి గానీ, దారిలో ఎదురైన తోటి లెక్చరర్లు గానీ "బాగున్నారా?" అని అడగడం మానేసి "బుడ్డోడు పడుకుంటున్నాడా అండీ?" అని పలకరించేవారు. నేను "ఏదో, పరవాలేదండీ" అనేవాణ్ణి. నా కళ్ళు చూసి వాళ్ళు నమ్మేవారు కాదు. పెళ్ళి చేసేటప్పుడు పెద్దవాళ్ళు ఎన్ని చూస్తారు! గోత్రాలు, నక్షత్రాలు, నాడీకూటం, అబ్బాయి ఉద్యోగం పర్మనెంటా కాదా. పుట్టబోయేవాడు మధ్యాహ్నం ఎన్నింటికి పడుకుంటాడన్న ముఖ్యమైన సంగతి మాత్రం ఏ జాతకంలోనూ ఉండదు. ఉంటే మాకు అంత అవస్థ ఉండకపోను.

అప్పుడు నేను అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. పొద్దున్నే వెళ్తే క్లాసులు, ఆ తరవాత స్టడీ అవర్లు, మళ్ళీ ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగేవి. మా ఆవిడకి కొత్తపేటలో బ్యాంకు ఉద్యోగం, అదీ కొత్తగా చేరింది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. కడుపులో పిల్లాణ్ణి పెట్టుకుని, కాళ్ళు వాచిపోయి, ఒక చేత్తో చింతకాయ పచ్చడన్నం తింటూ ఇంకో చేత్తో బిట్లు దిద్దుకుంటూ చదివి తెచ్చుకున్న ఉద్యోగం అది. దాని మీద ఆవిడకి ఎంత ప్రేమో నాకు తెలుసు (నామీద ఉన్నదానికంటే ఎక్కువా తక్కువా అని నేనెప్పుడూ అడగలేదు, అడిగి తెలుసుకునే ధైర్యం లేక). మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో అన్నయ్య దగ్గర ఉండిపోయింది. మా అత్తగారు లేరు. మావగారు మురమళ్ళ దగ్గర వాళ్ళ ఊళ్ళో గుడి, వేదపారాయణ చూసుకుంటూ ఉండేవారు. అంచేత ఏడాదిన్నర వయసున్న మా బుడ్డోణ్ణి పగలంతా చూసుకోవడానికి మనిషిని పెట్టుకోక తప్పింది కాదు.

మొదట దొరికినావిడ మా వీధి చివరి మామ్మగారు. ఆవిడది చాలా పాత పద్ధతి, గొప్ప పద్ధతి. గోడకి చేరబడి, కాళ్ళు బారజాపి, ఆ కాళ్ళ మీద వాణ్ణి వేసుకుని, మోకాళ్ళు అటూ ఇటూ ఊపుతూ సన్నగా రాగం తీసేవారు. ఆ ఊపుకీ, ఆ రాగానికీ ఎంతటివాళ్ళకైనా నిద్ర రావలసిందే. వచ్చేది కూడా, కాకపోతే మామ్మగారికి. ఒకరోజు ఏదో మరిచిపోయి మధ్యలో ఇంటికొస్తే, ఆవిడ నోరు తెరుచుకుని హాయిగా గుర్రు పెడుతున్నారు, మా వాడు ఆవిడ ముడి విప్పి అందులో మరమరాలు దాస్తున్నాడు. మేం ఏమీ అనలేదు. ఆవిడే ఓ వారం తరవాత నా చెయ్యి పట్టుకుని, "మీవాడు బంగారం నాయనా, పేచీ లేదు, పెంకితనం లేదు. కానీ నన్ను కునుకు తియ్యనివ్వట్లేదయ్యా. ఈ వయసులో నావల్ల కాదు" అని చెప్పి వెళ్ళిపోయారు.

అప్పుడొచ్చింది మా ఇంటికి కువైట్ పిన్ని. పేరు వేరే ఉంది గానీ మేమంతా అలాగే పిలిచేవాళ్ళం, ఆవిడా అలాగే పలికేది. రాజోలు అవతల ఓ ఊరు ఆవిడది. ఆ చుట్టుపక్కల ఇంటికొకళ్ళైనా గల్ఫులో ఉంటారు. ఈవిడ కూడా కూతురు చిన్నపిల్లగా ఉండగా వెళ్ళి, ఒకే ఇంట్లో వాళ్ళ పిల్లల్ని ఒకళ్ళ తరవాత ఒకళ్ళని పెంచి, కూతురి పెళ్ళికని వచ్చి ఇక్కడ ఉండిపోయింది. ఖాళీగా కూచోలేక మా దగ్గర చేరింది. మనిషి సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చీరలో మా కాలేజీ ప్రిన్సిపాల్‌కంటే ప్రిన్సిపాల్‌లా ఉండేది. అక్కడ ఇంటి యజమానిని 'బాబా' అంటారట. ఆ అలవాటు పోక, దానికి మన గోదావరి మర్యాద కూడా కలిపి నన్ను "బాబాగారండి" అనేది. ఈ సంగతి మా స్టూడెంట్లకి ఎక్కడ తెలుస్తుందోనని నేను కొన్నాళ్ళు బిక్కుబిక్కుమంటూ తిరిగాను.

వచ్చిన మర్నాడే ఇల్లంతా కలియజూసి తన షరతులు చెప్పింది. పిల్లాడి గదికి దళసరి కర్టెన్లు కావాలి, పట్టపగలు చిమ్మచీకటిగా ఉండాలి. ఏసీ ఉండాలి. వాడికి విడిగా మంచం ఉండాలి. ఉయ్యాల పనికిరాదు, ఒడి పనికిరాదు, భుజం అసలే పనికిరాదు, పాటలు వద్దు. రోజూ ఒకే టైముకి వాణ్ణి మంచం మీద పెట్టి, "యల్లా, నామ్" (పద, పడుకో అని అర్థంట) అని చెప్పి, తను గది మూల కుర్చీలో కూచుంటుంది. అంతే.

"మరి పడుకోబెట్టేదెవరు పిన్నిగారూ?" అంది మా ఆవిడ బెంగగా.

"పడుకోబెట్టకూడదండి మేడంగారండి. పడుకోవాలండి."

ఆ మాటకి మా ఇద్దరికీ ప్రాణం ఉసూరుమంది. విచిత్రం చూడండి, ఎక్కడో దొరల దేశంలో పుస్తకాల్లో రాసుకునే పద్ధతులు రాజోలు పిన్ని చెబుతుంటే, మా అమ్మమ్మలు చెప్పవలసిన మాటలు ఇంగ్లీషు మీడియం చదువులు వెలగబెట్టిన మేమిద్దరం చెప్పేవాళ్ళం. "పసివాడండీ, ఒళ్ళో వేసుకుని జోకొడితే ఏం పోయింది" అని నేను. "మా అమ్మ చీరతో కట్టిన ఉయ్యాల పిన్నిగారూ, అదైనా ఉండనివ్వండి" అని మా ఆవిడ. పిన్ని రెండింటికీ "ఆయ్" అంది. ఆవిడ "ఆయ్" అంటే విన్నాను అని మాత్రమే అర్థమని మాకు తరవాత తెలిసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఉయ్యాల చీర శుభ్రంగా మడతపెట్టి బీరువాలో ఉంది. ఉయ్యాల కొక్కేనికి చక్కెరకేళీ గెల వేలాడుతోంది. (ఆ గెల పండాక మా వాడు ఉయ్యాలకంటే దాన్నే ఎక్కువ ఇష్టపడ్డాడన్నది వేరే సంగతి.)

అరబ్బీ కూడా వచ్చేసింది వాడికి. అన్నం తినడం అయిపోతే గిన్నె తోసేసి "ఖలాస్" అనేవాడు. మావగారు ఫోన్లో "తాతా అను నాన్నా, తాతా" అని బతిమాలితే, బాగా ఆలోచించి "యల్లా" అన్నాడు. "అమ్మాయ్, వీడు ఏ శాఖ చదువుతున్నాడే?" అన్నారు మావగారు.

ఇంతా చేస్తే ఆ పద్ధతి పగలు భేషుగ్గా పనిచేస్తోందని పిన్ని మాట. రోజూ ఇంటికి రాగానే నేను అడిగేవాణ్ణి, "ఎన్నింటికి పడుకున్నాడు పిన్నిగారూ?" అని. "ఒంటిగంటకి పడుకున్నాడండి బాబాగారండి. మూడింటికి లేచేడండి" అనేది. ఏ రోజు అడిగినా అదే జవాబు, అటూ ఇటూ అయ్యేది కాదు. లెక్కలు చెప్పేవాణ్ణి కదా, ఆ నిలకడ చూస్తే నాకు ముచ్చటేసేది. మా స్టూడెంట్లు రెండు సార్లు చేస్తే ఒకే జవాబు ఎప్పుడు వచ్చింది గనక!

కానీ రాత్రయితే వాడికి పొద్దు పొడిచేది. ఊరంతా పడుకున్నాక మా వాడు గెంతడం మొదలెట్టేవాడు. మంచం మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి నా కడుపు మీదికి. మేం పొద్దున్న ఉద్యోగాలకి బయల్దేరే వేళకి మాత్రం బోర్లా పడుకుని, చంద్రుడిలా ముఖం పెట్టుకుని, గాఢనిద్రలో ఉండేవాడు. మేమిద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోకుండా చెరోవైపూ వెళ్ళిపోయేవాళ్ళం. నేను క్లాసులో ఒకే లెక్క రెండుసార్లు చెప్పాను ఓరోజు, రెండోసారి వేరే జవాబు వచ్చింది, ముందు బెంచీవాళ్ళు రెండూ రాసేసుకున్నారు. మా ఆవిడ సంగతి ఇంకా దారుణం. బ్యాంకులో కౌంటర్ దగ్గర కూచుని ఒక పెద్దాయన పాస్‌బుక్ చేతిలో పట్టుకునే నిద్రపోయింది. ఆయన రిటైర్డ్ మాస్టారు. లేపలేదు, గొడవ చెయ్యలేదు. కాసేపు నిలబడి చూసి, పక్క కౌంటర్ వాళ్ళతో "పాపం పడుకోనివ్వండమ్మా, నేను రేపొస్తాలెండి" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడట. ఆయన తిట్టినా ఇంత బాధ ఉండేది కాదంది మా ఆవిడ. ఆ వారమే మేనేజరు పిలిచి, మంచిమాటగానే, ఇంటి దగ్గర కుదరకపోతే ఆలోచించుకోమ్మా, ప్రొబేషన్‌లో ఇలా రాయవలసి వస్తే నాకూ బాగుండదు అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ చీర కూడా మార్చుకోకుండా వంటగది గడప మీద కూచుంది. "నెలాఖరు దాకా చూస్తానండీ. అప్పటికీ వీడు దారికి రాకపోతే మానేస్తాను" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాణ్ణి. నేను మానేస్తానులే అని నోటిదాకా వచ్చింది గానీ, నా జీతం, ఆవిడ జీతం పక్కపక్కన నిలబడితే ఎవరు మానెయ్యాలో ఏ ఒకటో క్లాసు పిల్లాడైనా చెప్పగలడు. అయినా ఆ ఉద్యోగం ఆవిడ ఎలా తెచ్చుకుందో కళ్ళారా చూసినవాణ్ణి. అది పోతే మనిషి మనిషిలా ఉండదని నాకు గట్టిగా భయం వేసింది.

తప్పు ఎవరిదన్నది మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. మా దృష్టిలో పిన్నిది. పసివాణ్ణి చీకటి గదిలో ఒంటరిగా పడేస్తే, ఆ బెంగంతా మూటగట్టుకుని రాత్రి మా మీద తీర్చుకుంటున్నాడని మా సిద్ధాంతం. పిన్ని దృష్టిలో తప్పు మాది. పగలు తను కట్టిన గోడ రాత్రి మేం ఒళ్ళో వేసుకుని కూలగొడుతున్నామని ఆవిడ సిద్ధాంతం. ఆదివారం ఆవిడ రాదు గనక మేం దొంగల్లా మా ముచ్చట తీర్చుకునేవాళ్ళం. అరటి గెల దింపి ఉయ్యాల కట్టేవాళ్ళం. ఉయ్యాలకి లొంగకపోతే నేను వాణ్ణి స్కూటర్ ముందు నిలబెట్టుకుని కాలవ గట్టున తిప్పేవాణ్ణి. కొబ్బరి పీచు డొక్కల గుట్టలు దాటి లాకుల దాకా వెళ్ళేసరికి వాడి తల నా చేతి మీద వాలిపోయేది. అలా వాలినప్పుడు నాకు కలిగిన సంతోషం మా కాలేజీకి రాష్ట్ర ర్యాంకు వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఆ తరవాత స్కూటర్ ఆపితే లేస్తాడని పెట్రోలు అయిపోయేదాకా తిప్పుతూ ఉండేవాణ్ణి, అది వేరే కష్టం.

సోమవారం పొద్దున్న పిన్ని వచ్చి వాణ్ణి ఎత్తుకోగానే పట్టేసేది.

"నిన్న భుజాన్నేసుకుని పడుకోబెట్టేరండి."

"అబ్బెబ్బే, లేదు పిన్నిగారూ" అనేవాణ్ణి నేను, మా స్టూడెంట్లు చీటీ దొరికినప్పుడు పెట్టే ముఖం పెట్టి.

"వాడి చెయ్యి నా భుజం వెతుకుతుందండి" అనేది ఆవిడ, కోపం లేకుండా. కోపం లేకపోవడమే నాకు కొంచెం వింతగా ఉండేది. ఆ చేతిని తీసి మెల్లిగా కిందికి దించి, ఓ క్షణం పట్టుకుని వదిలేసేది.

నెలాఖరు దగ్గర పడింది. మా ఆవిడ ఫోన్లో ఏం చెప్పుకుందో గానీ, ఒక మార్గశిర సాయంత్రం మావగారు చెప్పాపెట్టకుండా బస్సు దిగి, బస్టాండ్ దగ్గర కొట్లోంచి నాకు ఫోన్ చేయించారు. నేను స్టడీ అవర్ ఇంకొకరికి అప్పగించి, ఆయన్ని స్కూటర్ మీద ఇంటికి తీసుకొచ్చాను. చలికాలం పొద్దు, అప్పుడే ఎర్రబడి కొబ్బరిచెట్ల వెనక్కి దిగుతోంది. తలుపు తీస్తే ఇంట్లో చప్పుడు లేదు. మావగారు మనవణ్ణి చూసుకుందామని గది తలుపు తోశారు. లోపల దళసరి కర్టెన్లు, చిమ్మచీకటి, ఏసీ చలి. మంచం మీద మా వాడు ఆదమరిచి నిద్ర, మూల కుర్చీలో పిన్ని.

మావగారు రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన జన్మలో గొంతు పెంచినవారు కాదు, ఆ రోజు పెంచారు. "అసురసంధ్య వేళ పసివాణ్ణి పడుకోబెడతారటమ్మా!"

పిన్ని చప్పున లేచి తలుపు దగ్గరికి వచ్చి వేలు పెదవుల మీద పెట్టింది. "నెమ్మదిగా అండి. సంధ్యేంటండి, ఇంకా మూడవ్వలేదండి."

మావగారు హాలు కిటికీలోంచి సూర్యుణ్ణి చూశారు. పిన్నిని చూశారు. నావైపు తిరిగి, "అల్లుడుగారూ, మతి పోయింది నాకా, ఆయనకా?" అన్నారు, ఆకాశంవైపు చెయ్యి చూపిస్తూ.

పిన్ని చెయ్యి చాపి గడియారం చూపించింది. నిజమే, మూడుకి అయిదు నిమిషాలు తక్కువ. నా ఫోన్ చూస్తే అయిదున్నర కావస్తోంది. గడియారం ఆగిపోయిందేమోనని ఆవిడ మణికట్టు దగ్గర చెవి పెట్టి విన్నాను, నిక్షేపంగా కొట్టుకుంటోంది. బ్యాటరీ అయిపోవచ్చిందేమో, అందుకే వెనకబడిందేమో అని ఓ సిద్ధాంతం లేవదీశాను కూడా. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళు ఎక్కడ కలుసుకుంటాయో ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పిన వాణ్ణి, ఆ రెండున్నర గంటల తేడా ఎక్కడిదో నాకు తట్టలేదు. గడియారం కట్టుకోవడం కూడా అలవాటు లేని మావగారు అడిగారు, "ఎక్కడి టైమమ్మా అది?" అని.

పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది. "కువైట్‌దండి" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. మా ఇంట్లో గోడ గడియారం లేదు. చేతుల్లో ఫోన్లుండగా ఎందుకని కొనలేదు, ఆ ఫోన్లు మాతో పాటే వెళ్ళిపోయేవి. పగలంతా ఆ ఇంటికి ఉన్న గడియారం పిన్ని చేతిదొక్కటే. ఆ లెక్కన మా వాడు మన సూర్యుడి కింద కువైట్ పొద్దుతో బతుకుతున్నాడు. మనకి మూడున్నర అయినప్పుడు వాడికి మధ్యాహ్నం ఒంటిగంట, మనం దీపాలు పెట్టే వేళకి వాడికి తెల్లారినట్టు. రాత్రి గెంతడూ మరి!

చీకటి పడ్డాక మా ఆవిడ వచ్చింది. సంగతి విని చెప్పులు కూడా విప్పలేదు. ఇన్నాళ్ళ నిద్రలేమి, మేనేజరు మాట, గొడుగు పెద్దాయన, అన్నీ కలిసి ఆవిడ గొంతులోకి వచ్చేశాయి. "రోజూ ఒంటిగంటకని చెప్పేరు కదా పిన్నిగారూ. నేను ఉద్యోగం మానేద్దామనుకున్నానండీ. మీకు మన టైము తెలీదా?"

"తెలుసండి మేడంగారండి" అంది పిన్ని. తలుపుకి చేరబడి నిలబడింది, మొదటిసారి ఆవిడ నిటారుగా లేకపోవడం చూశాను. "అక్కడున్నన్నాళ్ళూ నా చేతికి మన టైమే పెట్టుకునేదాన్నండి. ఆ ఇంట్లో గోడగోడకీ గడియారాలేనండి, పనికి అవి చాలు. చేతిది మా పిల్ల కోసం. ఈపాటికి బడికెళ్ళుంటాది, ఈపాటికి మా అమ్మ అన్నం పెట్టుంటాది, ఈపాటికి పడుకునుంటాది, అని చూసుకునేదాన్నండి. ఇక్కడికొచ్చేక ఇంక ఎటు చూసినా మన టైమే కదండి. విమానం దిగి అందరూ ఇటు తిప్పుకుంటుంటే నేను అటు తిప్పేనండి."

"ఎందుకండీ?" అంది మా ఆవిడ. గొంతు అప్పటికే సగం దిగింది.

"అక్కడ ఆఖరోడున్నాడండి. మీవాడికన్నా కాస్త పెద్దోడు. ఒళ్ళో వేసుకోవద్దు, చెయ్యి ఇవ్వొద్దు అనే రూల్సన్నీ వాళ్ళ అమ్మగారివండి. పెద్దోళ్ళిద్దరికీ అలాగే చేసేను. వీడి దగ్గర చెయ్యలేకపోయేనండి. తలుపేసి చెయ్యిచ్చేదాన్ని. నా వేలు పట్టుకుంటే గానీ పడుకునేవోడు కాదు. వచ్చేసేక వాడెలా పడుకుంటున్నాడో తెలీదండి. అందుకని మీవాడికి ఏ చెయ్యీ అలవాటు చెయ్యకూడదనుకున్నాను. ఎవరి చెయ్యి ఎన్నాళ్ళుంటాదో ఎవరికి తెలుసండి?" ఓసారి గదివైపు చూసి, ఇంకా చిన్న గొంతుతో అంది, "అక్కడ వాడు పడుకునే టైముకి ఇక్కడ వీణ్ణి పడుకోబెడితే, ఇద్దరూ నా దగ్గరే పడుకున్నట్టుండేదండి."

మా ఆవిడ లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. చాలాసేపే కడుక్కుంది. వచ్చి పిన్ని ఎదురుగా కింద కూచుంది. "రేపట్నుంచి మన ఒంటిగంటకి పడుకోబెట్టండి పిన్నిగారూ" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. నా భార్య మీద నాకు గౌరవం కలిగిన సందర్భాలు చాలా ఉన్నాయి, అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"ఆయ్" అంది పిన్ని. ఈసారి అది నిజమైన ఆయ్. తరవాత వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, "అయితే వీడు లేచేక వాడు పడుకుంటాడన్నమాట. బాగానే ఉందిలెండి. ఇద్దరు పిల్లల్ని ఒకేసారి పడుకోబెట్టడం ఎక్కడైనా కష్టమే కదండి" అని నవ్వింది. మావగారు గొంతు సవరించుకుని, "ఆ అబ్బాయి పేరేమిటమ్మా?" అని అడిగారు. ఆవిడ చెప్పింది. మర్నాడు తెల్లారి ఆయన సంధ్యావందనం చేసుకుని ఆశీర్వచనం చదువుతూ మా వాడి పేరు తరవాత ఆ పేరు కూడా కలిపి చదివారు. ఆ ఆశీర్వచనంలోకి అంతకు ముందు అలాంటి పేరు వచ్చి ఉండదు. ఆయన మాత్రం స్వరం తప్పకుండా చదివారు.

నిద్ర అంత సులువుగా దారికి రాలేదు, వాణ్ణి కువైట్ నుంచి అమలాపురం తీసుకురావడానికి చాలా రోజులే పట్టింది. వచ్చాక మాత్రం రాత్రిళ్ళు ఇల్లు ఇల్లులా ఉండేది. మా ఆవిడ ఉద్యోగం నిలిచింది. గొడుగు మాస్టారు మళ్ళీ బ్యాంకుకి వచ్చి, "హమ్మయ్య, లేచేరా అమ్మా" అన్నాడట, అదేదో ఒక్కరోజు నిద్రే అయినట్టు. ఒడి గురించి గొడవ మాత్రం తెగలేదు. పిన్ని తన మాట మీదే ఉంది, మేం మా ఆదివారాల మీదే ఉన్నాం. మా వాడు మా అందరికంటే తెలివైనవాడు. సోమవారం నుంచి శనివారం దాకా బుద్ధిగా తన మంచం మీద తనే పడుకునేవాడు, ఆదివారం వచ్చేసరికి స్కూటర్ తాళం తీసుకొచ్చి నా ఒళ్ళో పడేసేవాడు. వాడు బడిలో చేరేదాకా పిన్ని మాతోనే ఉంది. తరవాత కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, మనవల్ని చూసుకోవడానికి. వాళ్ళని ఎలా పడుకోబెడుతోందని నేను ఫోన్లో ఎప్పుడూ అడగలేదు. ఆవిడ చెప్పనూ లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న వేసవిలో ఇంటర్ పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్ళి లాడ్జిలో ఉన్నాను. ఆదివారం క్యాంపుకి సెలవు. మెస్సులో భోజనం చేసి గదికొచ్చి, ఫ్యాను కింద పడుకుని, మా ఆవిడకి ఫోన్ చేశాను. ఎండల గురించీ, ఆవకాయ గురించీ ఏవో చెప్పుకున్నాం. పెట్టేసే ముందు అలవాటుగా అడిగాను, "వాడు పడుకున్నాడా?" అని.

"ఎవరండీ?" అంది మా ఆవిడ.

మా వాడికి పదేళ్ళు దాటాయి. మధ్యాహ్నం నిద్ర అనేది ఒకటుంటుందని కూడా వాడికి గుర్తులేదు. "వాడు పడుకోవడమేంటండీ, అన్నం తినీ తినకుండానే బ్యాటు పట్టుకుని పోయేడు. ఈ ఎండలో ఎక్కడున్నాడో ఏమిటో" అని ఆవిడ నవ్వుతూనే ఉంది. "మీరు పడుకోండి కాసేపు" అని ఫోన్ పెట్టేసింది. నాకూ నవ్వొచ్చింది. ఇంత వయసొచ్చి, తల సగం నెరిసి, ఈ లెక్కల మాస్టారికి ఇంకా ఇదేం ప్రశ్న అనుకుని పక్కకి తిరిగి కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి గానీ చూసుకోలేదు, నా చెయ్యి పక్కనున్న దిండుకి మెల్లిగా జోకొడుతోంది.